ఆయన మౌనంగా ఉంటే నా గుండె దడదడలాడుతుంది!

ప్రశ్న: పేరు బయటపెట్టవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చాలా పెద్దది. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 34 ఏళ్లు. పెళ్లయి ఏడేళ్లయింది. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే వాళ్ల మనసులో ఏముందో తన ఒంటికి తెలిసిపోతుందంటున్నారు. సాయంత్రం భర్త ఇంటికొచ్చి బ్యాగు పెట్టే తీరు చూస్తే చాలు, కడుపులో తిప్పడం మొదలవుతుంది. అరచేతులకు చెమట పడుతుంది, మెడ బిగుసుకుపోతుంది. "నా మీద కోపంగా ఉన్నారా?" అని అడుగుతారు. ఆయన లేదంటారు. లేదన్న ఆ తీరే ఈమెకు మళ్లీ అనుమానం తెప్పిస్తుంది. రెండోసారి, మూడోసారి అడిగేసరికి ఆయన నిజంగానే విసుక్కుంటారు. "చూశారా, నాకు ముందే తెలుసు" అని ఈమె ఏడుస్తారు. వారంలో రెండు మూడు సాయంత్రాలు ఇలాగే పాడవుతున్నాయట.

ఆఫీసులోనూ ఇదే వరస. మూడు నెలల క్రితం ఆమె ప్రజెంటేషన్ ఇస్తున్నంతసేపూ మేనేజరు నుదురు చిట్లించుకుని కూర్చున్నారు. ఒక్క ప్రశ్న వేయలేదు. చేతికున్న స్మార్ట్‌వాచ్‌లో గుండె వేగం నిమిషానికి 118 కనిపించింది. తన పని ఆయనకు నచ్చలేదని తేల్చుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు. మేనేజరుకు ఆ రోజు విపరీతమైన పంటినొప్పి అని తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే మేనేజరు ఆమెను ఆరుగురున్న టీమ్‌కు లీడ్‌గా ఉండమంటున్నారు. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. "ఒక్క మనిషి మొహం చూస్తేనే నా గుండె ఇలా కొట్టుకుంటుంటే, ఆరుగురి మూడ్లు నేనెలా మోయను?" అన్నది ఆమె భయం.

డాక్టరు దగ్గరకూ వెళ్లారు. ఈసీజీ, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది: "చిన్నప్పుడు నాన్న చెప్పుల చప్పుడును బట్టే ఆ రాత్రి ఇల్లు ఎలా ఉండబోతుందో మాకు తెలిసిపోయేది." అక్కేమో 'నీదంతా అతి' అంటోందట. స్నేహితురాలు 'అది నీకున్న వరం, ఒళ్లు అబద్ధం చెప్పదు, దాని మాట విను' అంటోందట. ఎవరి మాట నమ్మాలి, లీడ్ పని ఒప్పుకోవాలా వద్దా అని అడుగుతున్నారు.

సమాధానం: మీ గుండె దడ, చెమట, కడుపులో తిప్పడం కల్పనలు కావు. అతి అని కొట్టిపారేయడానికి లేదు. అలాగని వాటిని ఎదుటివాళ్ల మనసు గురించి సాక్ష్యాలుగా పట్టుకోవడానికీ లేదు. నాకు అర్థమైనంతలో మీ ఒళ్లు మీకు రెండు సంగతులు చెబుతోంది. ఈ మనిషి నా గురించి ఏమనుకుంటున్నారన్నది నాకు చాలా పట్టింపు అన్నది ఒకటి. ఆయన ఏమనుకుంటున్నారో నాకు తెలియడం లేదు అన్నది రెండోది. మీరు మాత్రం అది చెప్పని మూడో సంగతి వింటున్నారు, 'ఆయనకు కోపం వచ్చింది' అని. తెలియక పడుతున్న తంటాను మీరు తెలిసిపోయినట్టుగా లెక్క వేసుకుంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇలా ఎందుకంటున్నానో చెబుతాను. అవతలి మనిషి మనసులో ఏముందో ఊహించడం మెదడుకు కష్టమైన పని, కష్టమైన ఆలోచన ఏదైనా ఒంట్లో కనిపిస్తుంది. 1966లో కానెమన్, బీటీ అనే మనస్తత్వవేత్తలు కొందరికి వరసగా అంకెలు వినిపించి గుర్తుపెట్టుకోమన్నారు. అంకెలు పెరిగేకొద్దీ వాళ్ల కంటిపాపలు పెద్దవవుతూ వచ్చాయి. అక్కడ ఎవరి కోపమూ లేదు, ఉన్నవి ఒట్టి అంకెలే. అరచేతి చెమట సంగతీ ఇంతే. చెమట గ్రంథులను నడిపేది సింపథెటిక్ నాడులు, అంటే ఒంటిని అప్రమత్తం చేసే నాడులు. కొత్తది, ముఖ్యమైనది, తేలనిది ఏదైనా ఎదురైన ఒకటి నుంచి మూడు సెకన్లలో అవి కదులుతాయి. ఎదురైనది మంచా చెడా అన్న తేడా ఆ చెమటలో ఉండదు.

దీనికి తోడు, మనల్ని ఎవరో తూకం వేస్తున్నారన్న భావన ఒకటి. 2004లో డికర్సన్, కెమెనీ అనే ఇద్దరు పరిశోధకులు 208 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎలాంటి సందర్భాల్లో ఎక్కువగా పెరుగుతుందో చూశారు. ఇతరులు మనల్ని అంచనా వేస్తున్నప్పుడు, అది ఎలా ముగుస్తుందో మన చేతిలో లేనప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది. నుదురు చిట్లించుకుని ప్రశ్న వేయకుండా కూర్చున్న మేనేజరు దగ్గర ఈ రెండూ ఉన్నాయి. పైగా కార్టిసాల్ నెమ్మదైన హార్మోను. దడ పుట్టిన క్షణంలో కాక, ఇరవై నుంచి నలభై నిమిషాల తర్వాత పతాకస్థాయికి చేరుతుంది. అందుకే మీటింగ్ అయిపోయి మీ సీట్లోకి వచ్చి కూర్చున్నాక కూడా 'ఏదో జరిగింది' అన్న భావన పోదు. ఏదీ జరగకపోయినా పోదు.

ఇక ఆ 118. మీరప్పుడు నిలబడి నలుగురి ముందు గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ పనికే గుండె వేగం పెరుగుతుంది. మేనేజరు నవ్వుతూ కూర్చున్నా ఇంచుమించు అంతే చూపించి ఉండేదేమో. మణికట్టు మీద వాచీ వెలుతురు సాయంతో నాడిని లెక్కపెడుతుంది, దాన్నించి 'స్ట్రెస్' అంటూ ఒక అంకె తయారుచేస్తుంది. ఎందుకు పెరిగిందో దానికి తెలియదు. కెనడాలో కెపిలానో నది మీద ఊగే వంతెన దగ్గర 1974లో జరిగిన ప్రయోగం చాలామంది వినే ఉంటారు. వంతెన దాటుతున్న మగవాళ్లను ఒక యువతి కొన్ని ప్రశ్నలు అడిగి, సందేహాలుంటే ఫోన్ చేయమని నంబరిచ్చింది. గట్టి వంతెన దాటినవాళ్ల కంటే ఊగే వంతెన దాటినవాళ్లే ఆమెకు ఎక్కువగా ఫోన్ చేశారు. ఎత్తు వల్ల వచ్చిన దడకు వాళ్లు ఆమె కారణమనుకున్నారని పరిశోధకుల వివరణ. దడ మీద పేరు రాసి ఉండదు, పేరు మనమే పెడతాం. మీరు చిన్నప్పటి నుంచి ఒకే పేరు పెడుతున్నారు.

మీ స్నేహితురాలి మాటలో నిజం అసలే లేదనను. 1992లో లెవెన్సన్, రూఫ్ అనేవారు భార్యాభర్తలు మాట్లాడుకుంటున్న వీడియోలు చూపించి, అందులో ఒకరికి ఏ క్షణంలో ఎలా అనిపిస్తోందో చెప్పమన్నారు. చూసేవాళ్ల గుండె వేగం, చెమట వంటివి వీడియోలోని మనిషివాటితో పాటు ఎంత దగ్గరగా ఎగుడుదిగుడులయితే, కోపం, బాధ లాంటి భావాలను వాళ్లు అంత బాగా పట్టుకోగలిగారు. కాబట్టి ఒంటికీ, ఎదుటివారిని అర్థం చేసుకోవడానికీ సంబంధం ఉంది. అయితే అక్కడ లెక్కలోకి వచ్చింది జత కుదరడం. ఎంత గట్టిగా కొట్టుకుందన్నది కాదు. ఆయన సోఫాలో అలసటతో నెమ్మదిస్తుంటే మీ గుండె పరుగెత్తుతోంది. జత కుదరడానికి అది పూర్తిగా వ్యతిరేకం. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది: సంతోషం లాంటి మంచి భావాలను సరిగ్గా పట్టుకున్నవాళ్లు గుండె నెమ్మదిగా, ప్రశాంతంగా ఉన్నవాళ్లు. మీ ఉత్తరంలో మీరు కనిపెట్టినవన్నీ కోపాలూ అసంతృప్తులే. ఇంటికొచ్చాక ఆయనకు హాయిగా అనిపించిన క్షణం ఒక్కటి కూడా మీ కంట పడలేదు. అవి లేవనుకోను.

'నువ్వు ఎంపత్‌వి', అంటే ఎదుటివాళ్ల భావాలను ఇట్టే పసిగట్టే మనిషివి అనే మాట ఈమధ్య బాగా చలామణి అవుతోంది. నాకది నచ్చదు. ఒకసారి ఆ ముద్ర వేసుకున్నాక మన ఊహ తప్పయ్యే దారి మూసుకుపోతుంది. మనిషి మనసు చదవడంలో మనందరి సామర్థ్యమూ మనం అనుకునేదానికంటే తక్కువే. విలియం ఇక్స్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి దీన్నే కొలిచారు. కొత్తవాళ్ల ఆలోచనలను ఊహించడంలో మనకు వచ్చే మార్కులు సగటున నూటికి ఇరవై. ప్రాణస్నేహితులకూ, భార్యాభర్తలకూ అది ముప్పై అయిదు దాకా వెళ్తుంది. అంటే ఏడేళ్ల కాపురం తర్వాత కూడా మీ ఆయన బుర్రలో నడుస్తున్న ఆలోచనల్లో చాలా వాటిని మీరు పట్టుకోలేరు. మీ ఆలోచనలను ఆయనా పట్టుకోలేరు. ఇది మీ కాపురంలోని లోపం కాదు.

మీ నాన్నగారి చెప్పుల చప్పుడు గురించి రాసిన ఆ ఒక్క వాక్యం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. ఆ ఇంట్లో ఆయన కోపాన్ని కనిపెట్టలేకపోతే మీకు పెద్ద నష్టం. కోపం లేనప్పుడు ఉందనుకుని ఓ మూల కూర్చుంటే పోయేదేమీ లేదు. అలాంటిచోట ఏ చిన్న అలికిడికైనా ఒళ్లు అప్రమత్తం కావడమే తెలివైన పద్ధతి. పిల్లలుగా మీరు చేసింది సరైనదే. కానీ ఆ తర్ఫీదంతా ఒకే ఒక్క మనిషి మీద జరిగింది. ఆ మనిషి మౌనానికి ఒక అర్థం ఉండేది. మీ ఆయన మౌనానికి ఆకలి, ట్రాఫిక్, తలనొప్పి, ఏ ఆలోచనా లేకపోవడం, ఇలా ఏదైనా కావచ్చు. లెక్క కూడా తిరగబడింది. అప్పట్లో లేని కోపాన్ని ఉందని ఊహిస్తే నష్టం లేదు, ఇప్పుడు అలా ఊహించిన ప్రతిసారీ ఒక సాయంత్రం పోతోంది.

ఇక్కడ ఒక్క మాట అడగాలి. మీ ఆయనకు కోపం వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? విసుక్కుని ఊరుకుంటారా, లేక మిమ్మల్ని కొట్టడం, బెదిరించడం, డబ్బు ఆపేయడం లాంటివి ఉన్నాయా? ఉత్తరంలో అలాంటిదేమీ లేదు కాబట్టి లేవనే అనుకుని రాస్తున్నాను. ఉంటే మాత్రం కింద చెప్పేవన్నీ పక్కన పెట్టండి. అప్పుడు మీ దడ అకారణం కాదు, ముందు మీ భద్రత చూసుకోవాలి, నమ్మకమైన వాళ్లకు చెప్పాలి.

లేదనుకుంటే, సాయంత్రాల విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి. ఇప్పుడు చేస్తున్నట్టే అడుగుతూ పోవడం ఒకటి. దాని ఫలితం మీకు తెలిసిందే. 'నా మీద కోపంగా ఉన్నారా?' అన్నది చూడ్డానికి ప్రశ్నలా ఉన్నా, తీర్పు ముందే రాసేసి సంతకం పెట్టమన్నట్టుంటుంది. మొదటిసారి అడిగింది ఆయన గురించి తెలుసుకోవడానికే కావచ్చు. రెండోసారి నుంచి అడుగుతున్నది మీ దడ తగ్గించమని. ఆ పని ఆయన 'లేదు' వల్ల కాదు, ఎందుకంటే ఆ మాట వినేటప్పటికి మీ ఒంట్లో అడ్రినలిన్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

రెండోది అసలు అడగకుండా లోపలే అణచుకోవడం. మీ అక్క సలహా బహుశా ఇదే. బయటికి ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ మీ ఊహ సరిచూసుకునే అవకాశమే లేక అదే నిజమని మీ మనసులో స్థిరపడిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 2003లో బట్లర్, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో ఇద్దరిద్దరు మహిళలను కూర్చోబెట్టి, మనసును కలచివేసే ఒక వీడియో చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. ఒకరికి మాత్రం తన భావాలేవీ పైకి కనిపించనీయవద్దని రహస్యంగా చెప్పారు. ఎదురుగా ఉన్న రెండోవారికి ఈ సంగతి తెలియదు, అయినా వాళ్ల రక్తపోటు పెరిగింది. మీరు అణచుకుంటే దాని భారం ఆయన మీదా పడుతుంది, కారణం మాత్రం ఆయనకు తెలియదు.

మూడోది, ఆయన మనసు గురించి మాట్లాడకుండా మీ ఒంటి సంగతి చెప్పడం. "మీరు మాట్లాడకపోతే నాకు గుండె దడ వస్తోంది. అది నా పాత అలవాటు, మీ తప్పు కాదు. ఈరోజు ఎలా గడిచింది?" అని ఒక్కసారి అడిగి, ఏం చెబితే అది తీసుకోవడం. నేను దీనివైపే మొగ్గుతాను. దీనికీ ఖరీదు ఉంది. ఆయన 'నేనేం చేశానని' అని చిన్నబుచ్చుకోవచ్చు. అప్పుడప్పుడు 'అవును, నిన్నటి విషయంలో నాకు కోపంగానే ఉంది' అనవచ్చు, దాన్ని తట్టుకోవాలి. కానీ వీటిలో నిజమైన సమాచారం ఉంటుంది. 2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఇరవై అయిదు ప్రయోగాలు చేసి చూశారు: అవతలివారి స్థానంలో ఉన్నట్టు ఊహించుకోవడం వల్ల అంచనాలు మెరుగుపడలేదు. వాళ్లనే అడిగి తెలుసుకున్నప్పుడు మెరుగుపడ్డాయి.

దీనికి తోడుగా, ఆయన ఇంటికొచ్చిన మొదటి అరగంట ఏ ప్రశ్నలూ వద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోవచ్చు. ఆ అరగంట తర్వాత ఆయనే వచ్చి రోజు సంగతి చెప్పాలి. ఇది ఆయనవైపు నుంచి కూడా ఉండాలి సుమా. తన అలసట మొహం మీద స్పష్టంగా కనిపిస్తోందని, వేరే చెప్పనక్కర్లేదని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. మన లోపలిది పైకి ఎంత కనిపిస్తుందో మనందరం ఎక్కువగానే అంచనా వేస్తాం. మొదట్లో ఆ అరగంట మీకు చాలా కష్టంగా గడుస్తుంది. ఊపిరి లోపలికి తీసుకున్నదానికంటే నెమ్మదిగా, పొడుగ్గా బయటికి వదలండి. ఊపిరి వదులుతున్నప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది. దడ పూర్తిగా పోవాలని చూడకండి, దడ ఉండగా తీర్పు ఇవ్వకుండా ఉండగలిగితే చాలు.

నా మాట కూడా ఊరికే నమ్మకండి, పరీక్షించండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, దడ వచ్చినప్పుడల్లా మీ ఊహ ఏమిటో, దడ పదికి ఎంతో రాయండి. తర్వాత అసలు సంగతి తెలిసినప్పుడు పక్కన రాయండి. తెలియకపోతే 'తెలియలేదు' అని రాయాలి, ఊహతో నింపకూడదు. ఆయన విసుక్కున్నది మీరు మళ్లీ మళ్లీ అడిగాక అయితే అది సరైన ఊహ కింద రాదు. కొన్ని వారాలయ్యాక, దడ ఎక్కువగా ఉన్నప్పుడే మీ ఊహలు నిజమవుతున్నాయో లేదో చూడండి. నిజంగానే అలా తేలితే మీ స్నేహితురాలు గెలిచినట్టు, నేను ఓడినట్టు. వాచీని మాత్రం ఆ కొన్ని వారాలూ మీటింగుల్లో తీసి డ్రాయర్లో పెట్టమంటాను. అంకె చూడగానే దడ ఇంకొంచెం పెరగడం తప్ప దానివల్ల మీకు కొత్తగా తెలిసేదేమీ లేదు.

ఇవన్నీ చేస్తున్నా రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, మనుషులను తప్పించుకు తిరగడం కొనసాగితే సైకాలజిస్టును కలవండి. ఇలాంటి ఊహలను సరిచూసుకునే పద్ధతులు వాళ్లు వరసగా నేర్పిస్తారు, నాన్నగారి సంగతి కూడా అక్కడ విప్పి మాట్లాడుకోవచ్చు. గుండె దడతో పాటు ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి కొత్తగా వస్తే మాత్రం 'ఇది నా టెన్షనే' అనుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

లీడ్ పని సంగతి. ఆరుగురి మూడ్లు మోయడం ఆ ఉద్యోగంలో భాగమని మీరెందుకు అనుకున్నారు? ఎవరికైనా కష్టమొస్తే 'ఆ స్థానంలో నేనే ఉంటే' అని ఊహించుకునేవాళ్ల ఒంట్లో ముప్పు ఎదురైనప్పటి మార్పులు వస్తాయని, 'ఆమెకు ఎలా ఉందో' అని ఆలోచించేవాళ్లలో అంతగా రావని 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెబుతోంది. మీరు మొదటి పద్ధతిలో ఆరుగురినీ ఊహించుకుని భయపడుతున్నారు. మీటింగులో ఒకరు మాట్లాడకపోవడాన్ని మీరు ఇతరులకంటే ముందే గమనిస్తారు, అది లీడ్‌కు పనికొచ్చే గుణమే. గమనించాక వెళ్లి అడిగితే మంచిది. 'ఆమెకు ఈ పని ఇష్టం లేనట్టుంది' అని అడగకుండానే పని వేరేవాళ్లకు మార్చేస్తే ఇబ్బంది. ఇంకోటి, రేపు మీకు పంటినొప్పి వచ్చి నుదురు చిట్లిస్తే దాన్ని ఆరుగురు చదువుతారు. 'నాకీరోజు ఒంట్లో బాగాలేదు, మీ పని బాగానే ఉంది' అని ముందే చెప్పే లీడ్ అవసరం ఎంతో మీకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఆఫీసులో ఉండరు.

ఒప్పుకుంటే మొదటి నెలలు మీ దడ పెరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. వద్దంటే వెంటనే ఊపిరి పీల్చుకుంటారు, కానీ ఇప్పుడున్న సీట్లో కూడా ఆ మేనేజరు మొహం రోజూ ఎదురుగానే ఉంటుంది కాబట్టి ఆ ఉపశమనం ఎంతకాలమో ఆలోచించుకోండి. పని గంటలు, జీతం, ఇంటి బాధ్యతలు చూసుకుని వద్దనుకుంటే అది వేరే విషయం, దానికి నేను అడ్డు చెప్పను. మధ్యలో ఇంకో దారి ఉంది: మూడు నెలలు తాత్కాలికంగా చేసి చూస్తానని అడగడం. దాన్ని అపనమ్మకంగా తీసుకునే మేనేజర్లూ ఉంటారు, మీ ఆయన మొహం చదివినట్టు ఈయన మొహం చూసి తేల్చుకోకుండా నోటితోనే అడిగి తెలుసుకోవాలి. దానితో పాటు మరో రెండు ప్రశ్నలు వేయండి. ఈ పనికి నన్నే ఎందుకు అనుకున్నారు? నా పనిలో మీకు నచ్చనిది ఉంటే ఎప్పుడు, ఎలా చెబుతారు? అప్పటికప్పుడు చెప్పలేనంటే రాసి పంపమనండి. ఆ జవాబు చేతికి వచ్చాక, దడ లేని ఒక ఉదయం కూర్చుని నిర్ణయం తీసుకోండి.